అమ్మ పెట్టని వేలిముద్ర

మా అపార్ట్‌మెంటు మెట్లు కడిగిన రోజున ఫినాయిలు వాసన తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది. ఆ వాసనకు దేవరయాంజాల్ దగ్గరి మా ప్రైవేటు బడి, తడి వరండా, కుచ్చిళ్లు ఎగదోపుకుని నేల తుడిచే మా అమ్మ, ఆమె పక్కనే యాదమ్మత్త గుర్తుకొస్తారు. తొంభైల్లో ఇద్దరూ అక్కడ టెంపరరీ ఆయాలు. మధ్యాహ్నం మామిడికాయ తొక్కు నంజుకుంటూ ఒకే గిన్నెలో తినేవాళ్లు. యాదమ్మత్త కూతురు స్వరూప, నేను గేటు పక్కన అష్టాచెమ్మా ఆడేవాళ్లం.

ఒక ఎండాకాలం సెలవులయ్యాక ఇద్దరినీ గేటు దగ్గరే ఆపి, ఇక పనికి రావద్దన్నారు. కారణం చెప్పలేదు. యాదమ్మత్త మేడ్చల్‌లో వకీలును కలిసి, నేరుగా మా గడపలోకి వచ్చి కూర్చుంది.

"టెంపరరోళ్లమైనా గిన్నేండ్లు చేసినంక నోటీసియ్యకుండ తీసెయ్యరాదంట వదినా. కేసేద్దాం. నువ్వు గూడ వేలుముద్ర పెట్టు."

అమ్మ నాయిన వైపు చూసింది. ఆయన ఆ బడి యజమాని ద్రాక్షతోటలోనే కావలి ఉండేవాడు.

"నా పని గూడ పోతది," అన్నాడు నాయిన.

అమ్మ చెయ్యి చాపలేదు.

ఆ తర్వాత అమ్మ తోటల్లో కూలికి పోయింది. సాయంత్రం రాలిన ద్రాక్షలు కొంగులో మూటగట్టి తెచ్చేది. పురుగుమందు వాసన వేసే ఆ పుల్లటి పండ్లు తింటూ, వాయిదాకు పట్నం బస్సెక్కే యాదమ్మత్తను చూసి, ఎప్పుడు ఓడిపోతుందా అని మా ఇంట్లో అందరం లోలోపల ఎదురుచూశాం.

ఏండ్ల తరబడి తిరిగి ఆమె గెలిచింది. ఆమెను తిరిగి పనిలోకి తీసుకోవాలని లేబర్ కోర్టు చెప్పింది. ఆ ఏడు తంగేడు, గునుగు పూలతో స్వరూప వాళ్ల బతుకమ్మ నా నడుముదాకా లేచింది; నాది దాని పక్కన మరుగుజ్జులా ఉంది. యాదమ్మత్త ప్రసాదంగా పెట్టిన నువ్వుల సద్దిని అమ్మ అందుకుని, తాను తినకుండా నా చేతిలో పోసింది. నేనూ తినకుండా పక్కన పెట్టేశాను.

ఇప్పుడు ద్రాక్షతోటలు లేవు, అన్నీ ప్లాట్లే. బడి స్థలంలో ఫంక్షన్ హాలు వెలిసింది. మొన్న యాదమ్మత్త పోయిన పదకొండో దినానికి వెళ్లి వస్తూ ఆటోలో అమ్మను అడిగాను, ఆమె మీద ఇంకా మనసులో ఏమైనా ఉందా అని.

"దాని కొలువు మీద కుళ్లు ఎప్పుడో పోయింది బిడ్డా," అంది అమ్మ. "అది భయపడలే జూడు. గదే ఇంకా పోతలేదు."