గుంజలను పలకరించే మేనత్త

మేడ ముందు పెళ్ళిళ్ళు చేసిన వంశం మాది. మేడ పోయి అద్దె షామియానాలే దిక్కయినా, ఎవరి ముందూ నడుము వంచలేదు. మా మేనత్త మాత్రం ప్రతి గుంజ దగ్గరా వంగి, తాడు లాగి, "ఏమయ్యా, నిలబడతావా?" అని అడిగేది. తృప్తి కలిగాకే కుర్చీలో కూర్చునేది. నాకు తల తీసేసినట్టుండేది.

తణుకు దగ్గర ఒక రైసుమిల్లు ఆవరణలో మా చెల్లెలి పెళ్ళయింది. సిమెంటు నేలలో మేకులు దిగక, తాళ్ళను దొరికినదానికల్లా కట్టేశారు. మగపెళ్ళివారు పందిట్లో భోంచేస్తుండగా అత్తయ్య ఒక తాడు వెంట నడిచి, పూలు కట్టిన పెళ్ళికారు దగ్గర తేలింది. కొత్త దంపతులను గుడికి తీసుకువెళ్ళాలని డ్రైవరు అప్పుడే ఇంజను స్టార్టు చేశాడు. ఆవిడ పట్టుచీరతో ముందు సీటెక్కి కూర్చుంది.

"దిగండమ్మా, టైమైపోతోంది."

"పందిరి కూడా గుడికొస్తుందా బాబూ?"

వియ్యంకుడు ముఖం ఎర్రగా చేసుకుని వచ్చాడు. "మా కారు కదలనివ్వరేంటండీ? ఇదేం మర్యాద?"

"ఆ తాడు చూడండి అన్నయ్యగారూ."

ఆయన చూపు బంపరు నుంచి గుంజకు, గుంజ నుంచి పూతరేకులు తింటున్న తన బంధువుల నెత్తిమీదికి వెళ్ళింది. ఇంజను ఆపించి, తానూ వెనక సీటెక్కాడు. ఆ తాడును నీళ్ళు నింపిన డ్రమ్ములకు మార్చేదాకా ఇద్దరూ కారు దిగలేదు. పూతరేకులు అక్కడికే తెప్పించుకున్నారు.

చెల్లెలి సీమంతానికి వెళ్ళేసరికి వియ్యంకుడు తన వాకిట్లో గుంజ పట్టుకుని, "ఏమయ్యా, నిలబడతావా?" అంటున్నాడు.

"ఇంకాస్త గట్టిగా లాగండి అన్నయ్యగారూ," అంది వెనక నుంచి అత్తయ్య. "ఈసారి కింద కూర్చునేది మావాళ్ళు."