చెరసాల పద్యం

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. కంకిపాడు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఫలానా ఇంట్లో ఏదో తిరుగుతోందని పిల్లలు చెప్పుకుంటుంటే, కూర్చోబెట్టి మరీ ఆ భయం పోగొట్టేదాన్ని. పైగా నాటకాలవాళ్ల ఇంట్లో పుట్టాను. స్టేజీ మీద చచ్చిపోయినవాళ్లు తెర పడగానే లేచి టీ తాగడం చూస్తూ పెరిగాను. నేను చూసింది, విన్నది మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న మస్తాన్. విజయవాడ వన్‌టౌన్‌లో ట్రంకు పెట్టెలు చేసే దుకాణం మాది. పగలంతా రేకు మీద సుత్తి దెబ్బలు, సాయంత్రమైతే పద్యాలు. దూదేకుల సాయిబులం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాన్నకు చదువు పెద్దగా లేదు గానీ, ఒకసారి విన్న పద్యం మర్చిపోయేవాడు కాదు.

ఆయనకు పేరు తెచ్చింది ఒక తెలుగు మాస్టారు రాసిన చారిత్రక నాటకం. అందులో నాన్నది రాజు వేషం. నమ్మిన సేనాపతే రాజును శత్రువుకు పట్టిస్తాడు. చెరసాలలో రాజు సంకెళ్లతో నిలబడి ఆ సేనాపతిని శపిస్తూ పద్యం పాడాలి. నాన్న ఆ పద్యం ఎత్తుకుంటే పిల్లలు కూడా కదిలేవాళ్లు కాదు. చివర్లో రాగం తీస్తూ పైకి వెళ్లి, ఇక ఊపిరి అయిపోయిందనుకున్న చోట ఇంకో మెట్టు ఎక్కేవాడు. జనం ఒన్స్‌మోర్ అంటూ కుర్చీలు చరిచేవాళ్లు. తొంభైల మొదట్లో మైలవరం నుంచి బందరు దాకా ఎక్కడ పోటీలు జరిగినా, ఉత్తమ నటుడు ఎవరో ముందే తెలుసు అనేవాళ్లు. గెలిచిన కప్పులు దుకాణంలో పెట్టెల మీదే దుమ్ము పట్టి ఉండేవి.

సేనాపతి వేషం రత్నం గారిది. నాన్నకు ప్రాణ స్నేహితుడు. రంజాన్ పండక్కి మా ఇంట్లో సేమియా తాగనిదే వెళ్లేవాడు కాదు. నేను బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆ పిలుపు తర్వాత మానేశాను. ఇక్కడ రత్నం అనే రాస్తాను.

ఒక ఏడాది మైలవరంలో పోటీలు. అమ్మా నేనూ కూడా వెళ్లాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక రత్నం అందరికీ కిళ్లీలు తెచ్చాడు. నాన్నది తన చేత్తో చుట్టి నోటికి అందించాడు. అది నేను చూశాను. సాయంత్రానికి నాన్న గొంతు మండుతోందన్నాడు. వేడినీళ్లు తాగుతూనే వేషం వేసుకున్నాడు. చెరసాల పద్యం రెండో పాదంలో గొంతు చీలింది. మూడో పాదంలో పెదాలు కదిలాయి, శబ్దం రాలేదు. ముందు అది నటనేమో అనుకున్న జనం, కాసేపటికి ఈలలు వేశారు.

ఆ గొంతు మళ్లీ రాలేదు. విజయవాడలో చూపించని డాక్టరు లేడు. లోపల దెబ్బతింది అన్నారు గానీ దేనివల్లో ఎవరూ చెప్పలేకపోయారు. పాడేవాళ్ల గొంతు తీయడానికి కిళ్లీలో సింధూరం కలుపుతారన్న మాట నాటకాలవాళ్లలో పాతదే. నిజంగా అలా గొంతు పోతుందో లేదో నాకు తెలియదు. నాన్నకు మాత్రం అది వట్టి అనుమానం కాదు, రత్నమే చేశాడని తెలిసిన విషయం. రత్నం మా గడప తొక్కడం మానేశాడు. మరుసటి ఏడాది రాజు వేషం అతనిదైంది. బాగా చేశాడనే అన్నారు. బహుమతులూ వచ్చాయి.

నాన్న గుసగుసలోనే బతికాడు. అమ్మను పిలవాలంటే రేకు మీద సుత్తితో కొట్టేవాడు. ఎక్కడో రత్నం నాటకం ఉందని తెలిసిన రోజు అన్నం ముట్టేవాడు కాదు. ఆ కోపంతోనే చిక్కిపోయి మంచం పట్టాడు.

మాలో, పోయేముందు ఒకరి తప్పులు ఒకరు మాఫ్ చేసుకుంటారు. పెదనాన్న మంచం పక్కన కూర్చుని, రత్నాన్ని కూడా మాఫ్ చేశానని ఒక్క మాట అనమన్నాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు. పెదనాన్న బతిమాలాడు. అప్పుడు నాన్న నా వైపు తిరిగి, గాలిలాంటి గొంతుతో చెప్పాడు.

“చెయ్యను. అల్లా ముందు నిలబెట్టి అడిగినా చెయ్యను.”

అవే ఆయన ఆఖరి మాటలు.

కొన్నేళ్లు గడిచాయి. రెండువేల సంవత్సరం దాటాక, విజయవాడలో రత్నానికి పెద్ద సన్మానం పెట్టారు. సన్మానం తర్వాత ఆయన చేత చెరసాల రంగం ఆడిస్తున్నారని గోడల మీద పోస్టర్లు వేశారు. అమ్మ రానంది. నేను వెళ్లాను, నాటకం మీద ప్రేమతో కాదు. అంతమంది ముందు వాడి గొంతు పోవాలి, అది నేను కళ్లారా చూడాలి. అదొక్కటే కోరిక. తోడుగా మా స్కూలు టీచరు సుజాతను తీసుకెళ్లాను. వాళ్లది గుణదల. మా నాన్న ఎవరో, ఎలా పాడేవాడో ఆమెకు తెలియదు.

శాలువాలు, దండలు, ఉపన్యాసాలు అయ్యాయి. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. తెర లేచింది. రత్నం సంకెళ్లతో వచ్చి పద్యం ఎత్తుకున్నాడు. అతనిది బొంగురు గొంతు, కింది శ్రుతి. మొదటి పాదం అలాగే పాడాడు.

రెండో పాదంలో గొంతు మారింది.

నేను ముందు గుర్తుపట్టలేదు. నా ఒళ్లు గుర్తుపట్టింది. చేతుల మీద వెంట్రుకలు లేచాయి. హార్మోనియం దగ్గర ఉన్న సాంబయ్య గారు, ఎన్నో ఏళ్లు నాన్నకు వాయించినాయన, ఉలిక్కిపడి తలెత్తి చూశాడు. ఆ వెంటనే ఆయన వేళ్లు పై శ్రుతికి వెళ్లాయి. హాల్లో వినపడుతున్నది మా నాన్న గొంతు. మైలవరంలో తెగిపోయిన చోటు నుంచి, ఆ చీలిక లేకుండా.

రత్నం ముఖంలో రంగు కింద నుంచి చెమట కారుతోంది. పాడుతున్నవాడి ముఖం కాదది. పద్యం ఆపాలని నోరు గట్టిగా మూసుకున్నాడు. మూసిన నోటితోనే రాగం వినిపించింది. సంకెళ్ల చేతులెత్తి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రాగం పైకి వెళ్లింది. ఊపిరి అయిపోవాల్సిన చోట ఇంకో మెట్టు ఎక్కింది.

జనం లేచి నిలబడ్డారు. అంత గొప్ప నటన తాము చూడలేదన్నట్టు ఒన్స్‌మోర్, ఒన్స్‌మోర్ అని హోరెత్తించారు. రత్నం తల అడ్డంగా ఊపుతూ దణ్ణం పెట్టాడు. వద్దని అతను వేడుకుంటున్నాడు. వినయం అనుకున్నారు జనం. నాకు అర్థమైంది. అర్థమయ్యే నేనూ లేచి, గొంతు చించుకుని ఒన్స్‌మోర్ అన్నాను.

ఆ గొంతు పద్యం మళ్లీ మొదలుపెట్టింది. నమ్మి నోటికి అన్నం పెట్టిన చేతినే కాటేసినవాడా అని సేనాపతిని తిట్టే పాదం వచ్చేసరికి రత్నం మోకాళ్ల మీద పడిపోయాడు. తెర దించారు. చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

బయటికి వస్తూ సుజాత అడిగింది. “ఆయన గొంతు మధ్యలో అంతలా మారిందేంటండీ? వెనకాల ఇంకెవరైనా పాడారా?”

నేను అడగకుండానే అడిగింది. వెంటనే స్టేజీ వెనక్కి వెళ్లి చూశాను. మేకప్ చేసే ఆయన తప్ప ఎవరూ లేరు. టేపురికార్డరు లాంటిదేమీ లేదు. సాంబయ్య గారు హార్మోనియం మూయకుండా అలాగే కూర్చుని ఉన్నారు. నన్ను చూసి కళ్లు తుడుచుకున్నారు.

“నేను కావాలని శ్రుతి మార్చలేదమ్మా. మీ నాన్న ఎక్కడికెళ్తే అక్కడికెళ్లా,” అన్నారు.

ఆ సాయంత్రం నుంచి రత్నానికి మాట పోయింది. ఆ ప్రదర్శన గురించి మాత్రం నాటకాలవాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం, అతని భార్య అతన్ని రిక్షాలో మా ఇంటికి తీసుకొచ్చింది. సగమైపోయాడు. చెవుల్లో దూది పెట్టుకున్నాడు. పద్యం ఆగడం లేదని, లోపల పొద్దస్తమానం వినపడుతోందని కాగితం మీద రాసి చూపిస్తున్నాడట. ఏం చేశావని అడిగితే ఏడుస్తాడట, మా ఇంటికి తీసుకెళ్లమని చేతులు జోడిస్తాడట. ఇదంతా ఆవిడే చెప్పింది.

రత్నం అమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాడు. అమ్మ కాళ్లు వెనక్కి తీసుకుంది.

“వదినా, ఒక్క మాట అనండి. మాఫ్ చేశానని,” అంది ఆవిడ.

“ఆయన పోయేటప్పుడు అడిగాం. చెయ్యనన్నారు,” అంది అమ్మ. “దాన్ని మార్చటానికి నేనెవర్ని?”

ఆవిడకు మంచినీళ్లిచ్చి పంపేయమని నాకు చెప్పి, అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. నాకు జాలి కలగలేదు. ఆవిడ అతన్ని లేవదీసి గుమ్మం దాకా నడిపించింది. గుమ్మంలో అతను వెనక్కి తిరిగి, ఏదో చెప్పాలని నోరు తెరిచాడు.

మా అమ్మ పేరు హుస్సేన్‌బీ. ఆమెను చివరి అక్షరం సాగదీసి “ఉస్సేనూ” అని పిలిచే మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉండేవాడు. గొంతు పోయాక ఆయనా పిలవలేదు.

రత్నం నోట్లోంచి ఆ పిలుపు వచ్చింది. కోపం లేదు అందులో. దుకాణం నుంచి ఇంటికొచ్చి, చెప్పులు విడుస్తూ పిలిచినట్టు ఉంది.

వంటింట్లోంచి అమ్మ, “ఆఁ, వస్తున్నా,” అంది.

రత్నం రెండు చేతులతో నోరు నొక్కుకుంటూ వీధిలోకి పరుగెత్తాడు. ఆవిడ వెనకాలే వెళ్లింది. ఆ తర్వాత వాళ్లు మా గడపకు రాలేదు. ఏడాది తిరక్కుండానే అతను పోయాడని తెలిసింది.

ఇదంతా నాకు నేను ఎన్నో రకాలుగా విడమర్చి చెప్పుకున్నాను. భయపడ్డ మనిషి గొంతు మారవచ్చు. ద్వేషంతో ఉన్న నా చెవులు మోసపోవచ్చు. కానీ సుజాత చెవులు? సాంబయ్య గారి వేళ్లు? ఎక్కడో ఒక చోట నా లెక్క తెగిపోతుంది.

అమ్మను ఒకే ఒక్కసారి అడిగాను, ఆ రోజు ఎవరికి పలికావని. చేటలో బియ్యం ఏరుకుంటోంది. తలెత్తలేదు.

“పిలిచారు. పలికాను,” అంది.