చేపల కాటా మీద అరవై కిలోలు

పవర్‌లిఫ్టింగ్ రాష్ట్ర పోటీల్లో పతకం వస్తే స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. తొంభైల చివర్లో నాకు ఆ ఉద్యోగానికి వయసు దాటిపోవడానికి మిగిలింది ఒక్క ఏడాదే. అరవై నాలుగు కిలోలుండేవాణ్ణి. అరవై ఏడున్నర కిలోల లోపు విభాగంలో దిగితే పేరున్నవాళ్లతో తలపడాలి. వాళ్ల మెడలు చూస్తేనే నాకు జ్వరం వచ్చేది. అందుకని అరవై విభాగానికి తగ్గుతానన్నాను.

మేడ్చల్ జిమ్‌లో మా సారు ఒప్పుకోలేదు. "తగ్గకురా. బరువుతోని బలం గూడ పోతది," అన్నాడు. పిరికితనానికి తెలివని పేరు పెట్టుకున్నవాడికి ఎవరి మాట తలకెక్కుతుంది? రెండు వారాలు అన్నం మానేశాను, చివరి రెండు రోజులు నీళ్లు కూడా.

మా నాయిన శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. రోజూ పొద్దున కట్ట మీద చేపలు కొనే సేటు కాటా ఎక్కి బరువు చూసుకునేవాణ్ణి. పోటీ ముందు రోజు ముల్లు సరిగ్గా అరవై చూపింది. పొంగిపోయాను. చేపల తడికి తరుగని, సేటు ఆ కాటాను ఒక కిలో తక్కువ చూపేలా పెట్టుకున్నాడని మా వాడలో పసిపిల్లలకు కూడా తెలుసు. ఆ కిలో కోసం నాయిన గొణుక్కోవడం వింటూనే పెరిగాను. కావలసిన అంకె కనబడేసరికి ఆ సంగతే మరిచిపోయాను.

మర్నాడు పోటీ కాటా మీద అరవై ఒకటి. పై విభాగానికి మారతావా అని అడిగారు. మొండికేసి మారనన్నాను. గంటన్నర గడువిచ్చారు. స్వెటర్ మీద స్వెటర్ తొడుక్కుని ఎండలో పరుగెత్తాను, ఒంట్లో నీరు ఇంకాస్త పోవాలని డబ్బాలో ఉమ్ముతూ కూర్చున్నాను. ఎట్టకేలకు అరవైకి వచ్చాను. తీరా బరువు భుజాన పెట్టుకుని స్క్వాట్‌కు కూర్చుంటే మళ్లీ లేవలేకపోయాను. మూడుసార్లు లేవకపోతే పోటీ నుంచి తీసేస్తారు. మూడూ పోయాయి.

సిగ్గుతో ఒక మూలన కూర్చుని అరవై ఏడున్నర వాళ్లను చూశాను. అక్కడ మూడో పతకం వచ్చినవాడు మొత్తం మీద ఎత్తింది నేను జిమ్‌లో ఎత్తేదాని కంటే పది కిలోలు తక్కువ. సారు పక్కనే నా బెల్టు చుట్టి సంచిలో పెడుతున్నాడు. తిట్టినా బాగుండేది.

ఇంటికి వెళ్లేసరికి నాయిన అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. ఆయనకు స్క్వాట్లూ పతకాలూ తెలియవు.

"తూకం సరిపోయిందా బిడ్డా?"

"సరిపోయింది నాయినా."

"గట్లయితే నౌకరి వచ్చినట్టే గదా. ఇగ తిను," అని తన కంచం నా ముందుకు జరిపాడు.

తల వంచుకుని తిన్నాను. రాలేదని చెప్పడానికి నాకు వారం పట్టింది.