ఆయా పని కోసం కలిపిన ముద్దలు

మా ఆయన దుబాయ్‌లో చనిపోయాడు. ఒక కంపెనీలో స్టోర్ చూసేవాడు, నిలబడ్డచోటే గుండె ఆగింది. మేమూ ఆయనతో అక్కడే ఉండేవాళ్లం. శవంతో మా ఊరు పెద్దపల్లి వచ్చాను. దినాలు అయిపోగానే ఐదేళ్ల బిడ్డను తీసుకుని మళ్లీ విమానం ఎక్కుతానంటే మా మరిది మొహం మీదే అడిగాడు.

"అన్న పోయినంక గాడ నీకేం పని వదినా?"

"బిడ్డ బడి ఉన్నది."

"ఈడ బడుల్లేవా?"

ఉన్నాయి. కానీ అక్కడి చదువు ఇక్కడ రాదనిపించింది. నాకు సంతకం ఒక్కటే వచ్చు, అది కూడా ఆయన నేర్పిందే. బిడ్డకు నా బతుకు వద్దనుకున్నాను. ఆయన పేరు మీది వీసా ఇంకా కొన్ని నెలలు ఉంది. ఆ లోపల నాకొక పని, దాంతో నా పేరు మీద వీసా దొరికితే ఉంటాం. లేకపోతే లేదు.

దుబాయ్ తిరిగిపోయాం. బిడ్డ బడిలో కరీంనగర్ టీచరమ్మ ఒకామె ఉండేది. ఆమే దారి చెప్పింది.

"అక్కా, ఆయా జాగ ఖాళీ అయితున్నది. ముందుగాల పైసలడగకుండ వచ్చి చెయ్యి. శానమంది తల్లులు గట్ల సాయం చేయనీకి వస్తరు. నీ పని పెద్దమేడం కండ్లల్ల పడాలె."

పోయాను. చిన్నపిల్లల గది. అన్నం గంట కొడితే చెంచాలు నేల మీద, అన్నం జుట్టులో. సగం డబ్బాలు నిండుగానే ఇంటికి పోయేవి. నాకు చూడబుద్ధి కాలేదు. చేతులు కడుక్కుని కింద కూర్చున్నాను. ఎవరి డబ్బాలోది వాళ్లకే కలిపి, "గిది కాకి ముద్ద, గిది పిట్ట ముద్ద" అంటూ పెట్టాను. మలయాళం పిల్లలు, హిందీ పిల్లలు. నా మాట ఒక్కరికీ తెలియదు. అయినా నోళ్లు తెరిచారు. డబ్బాలు ఖాళీ!

"ఇగ నీకు ఫికర్ లేదక్కా," అని టీచరమ్మ నవ్వింది. నమ్మాను. ఆయన పోయాక నాకు ఆకలైంది ఆ రోజే.

తర్వాత ఒక తల్లి వచ్చింది. వాళ్ల బాబు ఇంట్లో చెంచా విసిరికొట్టి, నోరు తెరుచుకుని కూర్చుంటున్నాడట. ఇంకొకామె, ఒకే చేయి అన్ని నోళ్లలో పెడితే ఎంగిలి కాదా అంది. పెద్దమేడం నా చేతికి ప్లాస్టిక్ తొడుగులు ఇప్పించింది. వాటితో కలిపితే అన్నమంతా తొడుగుకే అంటుకుంది. పిల్లలు మొహం తిప్పుకున్నారు, ఒక పిల్ల ఏడ్చింది. ఏడిస్తే ఆగలేక తొడుగు తీసేసి పెట్టాను. తలుపు దగ్గర పెద్దమేడం నిలబడి ఉంది.

ఆయా పని వేరే ఆమెకు ఇచ్చారు. పిల్లలకు సొంతంగా తినడం నేర్పే మనిషి కావాలట.

"నువ్వన్న జర చెప్పకపోతివా?" అని టీచరమ్మను అడిగాను.

"చెప్పిన అక్కా. మేడం గూడ మంచి మనిషే అన్నది. గని వద్దన్నది."

మంచి మనిషినే, వద్దు. ఇంక ఎవరితో ఏం కొట్లాడతాను?

వీసా అయిపోయింది. పెద్దపల్లి వచ్చేశాం. ఎండాకాలంలో ఒకరోజు జడ వేస్తుంటే బిడ్డ అడిగింది.

"అమ్మా, దుబాయ్‌ల మన బడికి ఎప్పుడు పోదాం?"

"వానలు పోయినంక పోదాం బిడ్డా."

వానలు పోయాయి. అది మళ్లీ అడగలేదు.