డబ్బా మీది పొడుగు పిల్ల

మా పాపకు అప్పుడు మూడేళ్లు దాటాయి. బాగానే తింటోందని నేనూ అనుకునేదాన్ని, ఫోన్‌లో ఆ ప్రకటన చూసేదాకా.

అందులో తెల్లకోటు వేసుకున్నాయన నా కళ్లలోకి సూటిగా చూసి, "మీ పాప తరగతిలో అందరికంటే చిన్నగా ఉందా?" అని అడిగాడు. మా పాప ఇంకా ఏ తరగతిలోనూ లేదు. అయినా ఉలిక్కిపడ్డాను. బీఎస్సీ చదివినదాన్ని, కోటు చూస్తే చాలు, నమ్మకం కుదురుతుంది. మర్నాడే ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర ఆయన చెప్పిన, పాలలో కలిపే పొడి డబ్బా కొనుక్కొచ్చాను. దాని మీద ఒక పొడుగు పిల్ల చెట్టుకొమ్మ అందుకుంటోంది. ఆ పిల్లకు పదేళ్లుంటాయి. మా మూడేళ్ల దాన్ని ఆ పిల్ల పక్కన ఊహించుకుని రోజూ బెంగపడ్డాను.

"గా డబ్బాల ఏమున్నదే?" అని అడిగింది మా అత్తమ్మ.

"మస్తు పోషకాలున్నయ్ అత్తమ్మా."

"అండ్ల ఒక్కదాని పేరు చెప్పు."

డబ్బాకు తెలుసు కదా, నాకెందుకు అనుకున్నాను.

పూటకు ఒక గ్లాసు పట్టమని రాసి ఉంది. ఒక గ్లాసుకే కొమ్మ అందితే రెండింటికి ఎంత అందాలి? పొద్దున రెండు, సాయంత్రం రెండు పట్టాను. పాప ఇష్టంగా తాగేది. అన్నం ముద్ద చూస్తే మాత్రం మూతి తిప్పేది. పోషకాలు అందుతున్నాయి కదా అని నేనే సర్దిచెప్పుకున్నాను.

మూడు నెలలకు అత్తమ్మ మొక్కు తీర్చే రోజొచ్చింది. పాపకు చంటితనంలో జ్వరమొస్తే సమ్మక్క తల్లికి నిలువెత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది. ఆ బంగారమంటే బెల్లం. పిల్ల ఎంత బరువుంటే అంత బెల్లం. కిరాణా దుకాణంలో పిల్లను తూకం వేయించాలి. అత్తమ్మకు అది మొక్కు, నాకు పరీక్ష ఫలితం. బయల్దేరేముందు పాపకు స్వెటర్ తొడిగి, కాళ్లకు బరువైన గజ్జెల పట్టీలు పెట్టి, ఇంకో గ్లాసు ఎక్కువే తాగించాను.

దుకాణాయన నవ్వాడు. "ఎండల స్వెటరెందుకు చెల్లె? పట్టీలు గూడ తియ్యి. తల్లికిచ్చే తూకంల గిసొంటి కథలు నడువయ్."

తీశాను. కాంటా పదమూడు కిలోలు చూపించింది. మూడు నెలల కింద అంగన్‌వాడీలో తూచినప్పుడూ పదమూడే.

"మంచిగైంది, తక్కువ బెల్లంతోనే ఒడిసింది" అన్నాడాయన.

అత్తమ్మ నవ్వలేదు. పాపను ఎత్తుకుని నేరుగా అంగన్‌వాడీకి పోయాను.

టీచరమ్మ పాప ఎదుగుదల కార్డు తెరిచింది. "ఇన్నొద్దులు పచ్చరంగులనే ఉన్నది గద, మంచిగ పెరిగింది. ఇప్పుడే ఆగింది. ఏం తింటది?"

గ్లాసుల సంగతి చెప్పాను.

"నాలుగా! గంత బుడ్డ కడుపుల ఇగ బువ్వకు జాగ ఏది? డబ్బా ఎనక సదివినవా?"

"ముందట సదివిన."

"సదువుకున్నోళ్లతోనే నాకు పరేశాన్."

ఇంటికొచ్చి వెనకవైపు చదివాను. పదార్థాల జాబితాలో చక్కెర ముందు వరసలోనే ఉంది. అట్టడుగున చీమతలకాయంత అక్షరాల్లో, బొమ్మ కేవలం ఊహాచిత్రమని ఉంది. ఆ వారమే తెల్లకోటాయన ఫోన్‌లో మళ్లీ కనిపించాడు. ఈసారి తలపాగా చుట్టుకుని, రైతులా, తుక్కుగూడ దగ్గర ప్లాట్లు కొనుక్కోమన్నాడు. ఆయన మీద కోపగించుకుందామనుకున్నాను. కానీ కాంటా ఎక్కించే ముందు స్వెటర్ తొడిగింది ఆయన కాదు, నేను.

పొడి ఆపేశాం. రెండు రోజులు పాప డబ్బా కోసం ఏడ్చింది, అన్నం ముట్టలేదు. మూడో రోజు మధ్యాహ్నం అత్తమ్మ పప్పన్నంలో నెయ్యి వేసి మెత్తగా కలిపి, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. నేను ఎదురుగా కూర్చుని పాప నోటివైపే చూస్తున్నాను.

"గట్ల గుడ్లప్పగించి సూడకు బిడ్డా. తల్లి దిష్టి మస్తు చెడ్డది. అటు తిరుగు" అంది అత్తమ్మ.

దిష్టిని నేను నమ్మను. అయినా గోడవైపు తిరిగి కూర్చున్నాను. చాలాసేపటికి చిన్నగా నమలడం వినబడింది. మళ్లీ కాసేపటికి, "నానమ్మా, ఇంకింత."

వెనక్కి తిరగబోయాను.

"తిరిగితివంటే సూడు!" అంది అత్తమ్మ.