నిప్పురవ్వల కోటు, అత్తగారి స్వెట్టరు

మా ఇంట్లో నా మాటకు విలువ పోయి అప్పటికే చాలా కాలమైంది. మా ఊరు నేపర్‌విల్ స్టేషన్లో రైలు కోసం నిలబడితే మీసం గడ్డకట్టి పుటుక్కున విరిగిందనీ, ఆఫీసుకెళ్లి టేపుతో అతికించుకున్నాననీ ఒకసారి చెప్పాను. మా ఆవిడ దగ్గరికొచ్చి మీసం పట్టుకుని గట్టిగా లాగి చూసింది. ఆ తర్వాత నేను బయట వాన పడుతోందన్నా సరే, ఎవరో ఒకరు తలుపు తీసి చెయ్యి బయటపెట్టి చూసేవారు.

అందుకే ఎనభైల మొదట్లో, ఆ చలికాలం, నైలాను కోటు గొడవ వచ్చినప్పుడు నా సాక్ష్యం చెల్లలేదు.

మా అమ్మాయికి అప్పుడు పదేళ్లు. క్లాసు పిల్లలంతా ఒక శనివారం బస్సులో పక్క రాష్ట్రం విస్కాన్సిన్ వెళ్లి మంచుగుట్టల మీద స్కీయింగ్ చేస్తారని చెప్పింది. దానికోసం నారింజ రంగులో తళతళలాడే నైలాను కోటు కొన్నాం. ఆ కోటు వేసుకునే అది హోంవర్కు చేసేది, అన్నం తినేది.

అప్పుడు మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. పాతకాలం మనిషి. అల్లుడి ఎదురుగా కూర్చోరు, అల్లుడితో నేరుగా మాట్లాడరు. నాతో ఏదైనా చెప్పాలంటే గోడకో, కూతురికో, మనవరాలికో చెప్పేవారు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆవిడ నాతో ముఖాముఖి పలికిన మాట ఒక్కటి కూడా లేదు.

ఒకనాటి సాయంత్రం ఆవిడ ఆ కోటు సర్దిపెడదామని చీకటిగా ఉన్న అలమరలోంచి లాగారు. చిటపటమంటూ నీలంగా రవ్వలు రాలాయి.

"చూశావుటే! నిప్పులు! బట్టలోంచి నిప్పులు!" అని కేకపెట్టారు.

"అమ్మమ్మా, అది జస్ట్ స్టాటిక్," అంది మా అమ్మాయి.

"స్టాటిక్కో గీటిక్కో, కళ్లతో చూశాను. నైలాను చీర కట్టుకుని స్టవ్వు దగ్గరికి పోకూడదని మీ అమ్మకి ఊహ తెలిసినప్పట్నుంచి చెబుతున్నాను. ఇదేమో స్టవ్వు అక్కర్లేకుండానే అంటుకునేలా ఉంది!"

చలికాలంలో ఇంట్లో గాలి పొడిగా ఉండి రాపిడికి అలా రవ్వలొస్తాయనీ, వాటికి గుడ్డ అంటుకోదనీ నేను చెప్పబోయాను.

"మీసం విరిగిన సంగతి చెప్పింది కూడా ఈయనే కదుటే?" అన్నారు అత్తగారు గోడతో.

అంతటితో ఆగేదే. కానీ మా అమ్మాయి ఉత్సాహంలో నోరు జారింది. "అక్కడ లాడ్జ్‌లో హ్యూజ్ ఫైర్‌ప్లేస్ ఉంటుంది అమ్మమ్మా! అందరం దాని చుట్టూ కూర్చుని హాట్ చాక్లెట్ తాగుతాం!"

ఇంకేముంది, ఇంట్లో అందరి ముఖాలూ మారిపోయాయి. వెళ్తే ఉన్ని బట్టల్లో వెళ్లాలి, లేదంటే ఇంట్లో కూర్చోవాలి అన్నారు అత్తగారు. ఉన్ని మంచులో తడిస్తే పిల్లకి జ్వరమొస్తుందేమోనని మా ఆవిడకి అనుమానం. ఇద్దరూ మాట్లాడుకుని చివరికి నా మీద పడ్డారు. పిల్లల ప్రయాణానికి ముందు శనివారం నేను ఒంటినిండా ఉన్ని వేసుకుని స్కీయింగ్ చేసి రావాలి. చలెయ్యకుండా తిరిగొస్తే పిల్ల వెళుతుంది. నేను వణికితే మానేస్తుంది. నన్ను నమ్మరు కాబట్టి సాక్షిగా అమ్మాయి కూడా రావాలి.

"చూసింది చూసినట్టు చెప్పు. మీ నాన్నలా చెప్పకు," అంది మా ఆవిడ.

ఆ విషయంలో వాళ్లకి బెంగే లేదు. మా అమ్మాయి అప్పటికి ఒక్క అబద్ధమూ ఆడి ఎరగదు. నా పోలిక బొత్తిగా రాలేదేమోనని బెంగ నాకే ఉండేది.

ఆ శనివారం పొద్దున్న నా అలంకారం అత్తగారి ఆజ్ఞల ప్రకారం జరిగింది. ఉన్ని నేరుగా ఒంటికి తగిలితే ఒళ్లు పేలుతుందట, అందుకని లోపల నూలు బనియను. దాని మీద ఆవిడ స్వయంగా అల్లిన మెరూన్ రంగు స్వెట్టరు. కిందకి పెళ్లిలో వాళ్లు పెట్టిన ఉన్ని సూటు తాలూకు ప్యాంటు. నడుం దగ్గర బొత్తాం అందక పిన్నీసు. తలకి మంకీ క్యాపు.

కారెక్కగానే అమ్మాయి నా వైపు తిరిగి, "నాన్నా, నువ్వు కోల్డ్ అవ్వకు. ప్లీజ్," అంది.

గుట్ట మీదకి లాక్కెళ్లే తాడు దగ్గర నిలబడ్డ మనిషి నన్ను ఎగాదిగా చూశాడు. "అది సూటు ప్యాంటా?" అన్నాడు ఇంగ్లీషులో. "నా పెళ్లిది," అన్నాను. నమ్మలేదు. ఆ పొద్దున్న నేను చెప్పిన నిజం అదొక్కటే.

అంతకు ముందు ఆఫీసు వాళ్లతో వెళ్లి పడటం బాగానే నేర్చుకున్నాను. నైలాను వేసుకున్నవాళ్లు పడితే సబ్బుబిళ్లలా జారుకుంటూ కిందిదాకా పోతారు. నేను మాత్రం పడ్డచోటే అతుక్కుపోయేవాణ్ణి. లేచేసరికి స్వెట్టరు నిండా మంచు పిడచలు. దులుపుకుని మళ్లీ ఎక్కడం, మళ్లీ పడటం. చెమట ధారలు కట్టింది. కాసేపు ఊపిరి తీసుకుందామని ఆగానో లేదో, వెన్నులోంచి చలి మొదలైంది.

లాడ్జి కిటికీకి ముక్కు ఆనించి చూస్తున్న మా అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నాన్నా, నీ లిప్స్ బ్లూగా ఉన్నాయి."

"బ్లూబెర్రీలు తిన్నాను."

"లేదు! నువ్వు షివర్ చేస్తున్నావు!" దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను అమ్మమ్మకి చెప్పాలి కదా."

చెప్పక మానదు. అది నా కూతురే అయినా నిజం మనిషి. దాన్ని ఫైర్‌ప్లేస్ దగ్గర కూర్చోబెట్టి బాత్‌రూమ్‌లోకి వెళ్లాను. ఈ స్వెట్టరులో ఏదో మోసం ఉందని నా అనుమానం. అల్లుడిని వణికించడానికే అత్తగారు అల్లారేమో, ఎవరు చూడొచ్చారు? తడిమి చూసుకుంటే ఒక వింత తెలిసింది. వీపూ రొమ్మూ మంచుగడ్డల్లా ఉన్నాయి గానీ, చేతులు మాత్రం వెచ్చగా ఉన్నాయి. బనియనుకి చేతులుండవు కదా! చెమటంతా తాగి కూర్చుంది ఆ నూలు బనియనే. స్వెట్టరుకి ఏ పాపమూ తెలియదు.

బనియను విప్పి, పిండి, ప్యాంటు జేబులో కుక్కాను. స్వెట్టరు ఒట్టి ఒంటి మీద వేసుకున్నాను. ఒళ్లంతా ఎర్రచీమలు పాకుతున్నట్టు దురద. కానీ మళ్లీ గుట్టెక్కి దిగేసరికి దురదతో పాటు వెచ్చదనం కూడా వచ్చింది. అమ్మాయిని పిలిచి మెడ దగ్గర చెయ్యి పెట్టమన్నాను. అది నా ముఖంలోకి అనుమానంగా చూస్తూ పెట్టింది.

"వార్మ్," అంది. మళ్లీ పెట్టి చూసింది. "రియల్‌గా వార్మ్!"

జరిగింది చెప్పాను. అది ఆలోచనలో పడింది. బనియను తీసేశానని చెబితే అమ్మమ్మ ఏమంటుందో దానికీ తెలుసు.

ఇంటికొచ్చామో లేదో, గుమ్మంలోనే విచారణ మొదలైంది. అత్తగారు వంటింటి తలుపు చాటున నిలబడి, "ఏమ్మా, మీ నాన్నకి చలేసిందా?" అన్నారు.

మా అమ్మాయి నా వైపు చూసింది. తర్వాత కళ్లార్పకుండా చెప్పింది. "లేదు అమ్మమ్మా. నాన్న ఎంత హాట్‌గా ఉన్నాడంటే, పడినచోటల్లా స్నో మెల్ట్ అయి హోల్స్ పడ్డాయి. తాడు దగ్గర అంకుల్ కూడా వచ్చి నాన్న దగ్గర చేతులు కాచుకున్నాడు."

నా గుండె ఉప్పొంగింది. మా ఆవిడ ఒకసారి దాన్నీ ఒకసారి నన్నూ చూసింది. అత్తగారు, "ఓహో," అన్నారు.

ఆ 'ఓహో' నాకు నచ్చలేదు. అదే సాయంత్రం ఆవిడ నా ప్యాంటు బ్రష్ చెయ్యబోయి జేబులోంచి తడి బనియను బయటికి లాగారు. దాన్ని చూశారు, మెడ గోక్కుంటున్న నన్ను చూశారు. తీసుకెళ్లి వేడిగాలి వచ్చే జాలీ పక్కన ఆరేశారు. వారమంతా మాటల్లో ఆ ఊసే లేదు. గదిలో తలుపేసుకుని ఏదో కుట్టుకుంటూ ఉండేవారు. పిల్లని పంపుతారో ఆపుతారో అడిగే ధైర్యం నాకూ లేదు, అమ్మాయికీ లేదు. అది రోజూ నా దగ్గరికొచ్చి, "అమ్మమ్మకి తెలుసా?" అని గుసగుసలాడేది.

శనివారం తెల్లవారింది. మంచం మీద అమ్మాయి ఉన్ని బట్టలు మడత పెట్టి ఉన్నాయి. వాటిలో బనియను లేదు. దాని స్వెట్టరు తిరగేసి చూస్తే లోపలంతా మెత్తటి పట్టు గుడ్డ. ఆవిడ పాత పట్టుచీర తాలూకు ముక్క అది. అమ్మాయి ఎగిరి గంతేసి, అవి తొడుక్కుని బస్సెక్కడానికి అమ్మతో వెళ్లిపోయింది.

ఇంట్లో నేనూ అత్తగారే మిగిలాం. ఆవిడ తలుపు చాటు నుంచి ఇవతలికొచ్చి, నా మెడ మీది ఎర్రటి దద్దుర్లు చూస్తూ, "మీ స్వెట్టరుక్కూడా పట్టు వేసి కుట్టమంటారా బాబూ?" అన్నారు.

పన్నెండేళ్ల తర్వాత నాతో ఆవిడ నేరుగా అన్న మొదటి మాట. మా ఆవిడ తిరిగి రాగానే పరుగున వెళ్లి చెప్పాను. తను నా ముఖంలోకి చూసి, "మీసం విరిగినప్పుడు కూడా ఇలాగే చెప్పారు," అంది.