కనాటా క్యాంప్‌లో బూడిద రంగు జెర్సీ

ఈ ప్రయాణం నాది కాదు, కేలాది. కేలా ఒహాయోలో పుట్టి పెరిగిన అమ్మాయి. ఇరవై మూడేళ్లు. అక్కడి యూనివర్సిటీ జట్టులో నాలుగేళ్లు బాస్కెట్‌బాల్ ఆడింది. ఈ వేసవిలో టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో వాళ్ల పిన్ని ఇంట్లో ఉంటూ, నేను పార్ట్‌టైమ్ చేసే జిమ్‌లో ప్రాక్టీస్ చేస్తోంది. అమెరికాలో చదువు అయిపోయాక ఆటనే ఉద్యోగం చేసుకోవాలనుకునే అమ్మాయిలకు సొంత దేశంలో చోట్లు చాలా తక్కువ. అందుకే పోర్చుగల్, హంగరీ, ఫిన్లాండ్ లాంటి దేశాల్లోని చిన్న క్లబ్బుల్లో మొదటి కాంట్రాక్ట్ వెతుక్కుంటారు. ఆ క్లబ్బుల కోచ్‌లు అప్పుడప్పుడూ ఇటు వచ్చి, ఒక్కరోజు క్యాంప్‌లో అందరినీ ఆడించి చూసి, ఇద్దరినో ముగ్గురినో ఎంచుకుంటారు. అలాంటి క్యాంప్ ఒకటి ఒట్టావా పక్కన కనాటాలో ఉందనీ, తనను రమ్మన్నారనీ కేలా ఒక సాయంత్రం జిమ్ కౌంటర్ దగ్గరకొచ్చి చెప్పింది. సెప్టెంబర్ లోపల కాంట్రాక్ట్ రాకపోతే ఇంటికొచ్చి బీమా ఆఫీసులో చేరాలని వాళ్లమ్మ గడువు పెట్టిందట. ఆమె ఎడమ చీలమండ బలహీనం. ఆటకు ముందు గట్టిగా టేప్ చుట్టాలి. నేను కాలేజీలో చదివే ఫిట్‌నెస్ కోర్సులో అది నేర్చుకున్నాను. శనివారం షిఫ్ట్‌కి రానని చెప్పేసి ఆమెతో బయల్దేరాను.

మిస్సిసాగా నుంచి కనాటా దాదాపు నాలుగు వందల యాభై కిలోమీటర్లు. రైలూ ఉంది, బస్సూ ఉంది. కానీ రెండింటికీ ముందు టొరంటో డౌన్‌టౌన్ చేరాలి, దిగాక మళ్లీ సిటీ బస్సు పట్టుకోవాలి. మన తెలుగు స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో రైడ్ వెతికితే ప్రసాదరావు అంకుల్ దొరికారు. గుంటూరు వైపు మనిషి, కనాటాలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మనవరాలిని చూడటానికి మిస్సిసాగా వచ్చి వెళ్లేటప్పుడు ఖాళీ సీట్లు ఇస్తుంటారు. మనిషికి నలభై డాలర్లు. పొద్దున ఐదున్నరకి హ్యురాన్టారియో స్ట్రీట్ మీద ఒక కాఫీ షాపు పార్కింగ్‌లో ఎక్కించుకున్నారు. ఆ వేళకి 401 హైవే ఖాళీగా ఉంటుంది. ఒక గంట ఆలస్యమైతే టొరంటో దాటడానికే గంట పడుతుందని ఆయన అన్నారు.

అంకుల్ కాలేజీ రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారట. అదెలా ఉంటుందో కేలాకి వివరించడానికి స్టీరింగ్ మీద నుంచి ఒక చెయ్యి తీసేసరికి నేను వెనక సీట్లో బిగుసుకుపోయాను. పసుపు పచ్చ ఉన్ని బంతి, ఐదుగురు ఒక పక్క, ఆరుబయట ఆట. ప్రపంచంలో ఇంకెవరూ ఆడరా అని కేలా అడిగితే, ఆడరు కాబట్టే మేం చాంపియన్లం అన్నారు. కింగ్‌స్టన్‌కి కాస్త ముందు, హైవే పక్కన పెట్రోలూ తిండీ దొరికే సర్వీస్ సెంటర్‌లో ఇరవై నిమిషాలు ఆగాం. అంకుల్ వాళ్లమ్మాయి కట్టిచ్చిన పులిహోర కేలా రెండుసార్లు పెట్టించుకుంది. ఎండుమిరపకాయ పక్కన పెట్టమని చెప్పేలోపే నమిలేసి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా బాగుందనే చెప్పింది. ప్రెస్కాట్ దగ్గర 416 ఎక్కి, ఒట్టావా అంచున 417 మీద పడమరకు తిరిగితే కనాటా. పదిన్నరకి క్రీడా కేంద్రం ముందు దిగాం. క్యాంప్ పన్నెండింటికి. ఆట చూసే వెళ్తానని అంకుల్ కూడా లోపలికి వచ్చారు.

టేప్ చుట్టడం అయ్యాక కేలా జెర్సీ తెచ్చుకోవడానికి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు ఒంటి మీద బూడిద రంగు జెర్సీ ఉంది. హాల్లో పద్నాలుగు మందికి నల్లవి, ఆరుగురికి బూడిదవి. నల్ల జెర్సీల నంబర్లు, పేర్లు, ఎత్తులు కోచ్‌ల చేతిలోని కాగితాల మీద ఉన్నాయి. బూడిదవి లేవు. సంగతేమిటని నిర్వాహకురాలిని అడిగితే ఆవిడ మామూలుగానే చెప్పింది. ఆట నడవాలంటే మనుషులు సరిపోవాలి కదా, బూడిద జెర్సీల వాళ్లు అందుకోసం. బంతి నల్ల జెర్సీలకు అందించాలి, వాళ్లను మరీ ఇబ్బంది పెట్టకూడదు. క్లబ్బులు తమ జట్టులో విదేశీయులకుండే కొద్ది చోట్లూ పొడుగు వాళ్లకే ఇస్తాయి, కేలా ఐదడుగుల ఐదంగుళాలే. కేలా దగ్గర క్యాంప్ ఫీజు వద్దన్నది కూడా అందుకే. తన ఆట వీడియో నచ్చి ఫీజు తీసేశారని కేలా అనుకుంది. వాళ్లమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పుకుంది.

మొదటి గంట ఆమె చెప్పింది చెప్పినట్టు చేసింది. బంతి అందించింది, పక్కకి తప్పుకుంది. విరామంలో వచ్చి గోడకు ఆనుకుని కింద కూర్చుంది. కారు బయటే ఉంది, కావాలంటే ఇప్పుడే తమ ఇంటికి వెళ్లి భోజనం చేద్దామని అంకుల్ మెల్లగా అన్నారు. కేలా నావైపు చూసింది. నేను పక్కనే కూర్చున్నాను. నా సంగతే చెప్పాను.

మాది పాలమూరు పక్క ఊరు. అమ్మానాన్నలు రాళ్లు కొట్టే పనికి ఊళ్లు తిరిగేవారు. మా ఇంట్లో బడి మొహం చూసిన వాళ్లు లేరు. ఒకసారి పనికి వెళ్లిన ఊళ్లో బడికి ఇన్‌స్పెక్షన్ వస్తోందని, పిల్లల సంఖ్య చూపించడానికి మా గుడిసెల్లోంచి కొందరిని తీసుకెళ్లి బెంచీల మీద కూర్చోబెట్టారు. పలక చేతికిచ్చారు, సాయంత్రం తీసేసుకున్నారు. మర్నాడు మళ్లీ వెళ్లి అదే బెంచీ మీద కూర్చున్నాను. నా చదువు అలా మొదలైంది.

కేలా అడిగింది, "మరి నిన్ను పంపించెయ్యలేదా?"

"పంపించేశారు. మూడో రోజు కూడా వెళ్లాను."

ఆమె లేచి బూట్ల లేసులు విప్పి మళ్లీ బిగించుకుంది. మిగిలిన ఐదుగురు బూడిద జెర్సీల అమ్మాయిలను పిలిచి ఏదో చెప్పింది. వాళ్లలో ఒకమ్మాయి గట్టిగా నవ్వింది.

రెండో భాగంలో పూర్తి ఆట, నలుపుకీ బూడిదకీ. నల్ల జట్టులో బంతి నడిపించే పొడుగమ్మాయి మీద పోర్చుగల్ నుంచి వచ్చిన కోచ్ కళ్లు ఉన్నాయి. కేలా ఆ అమ్మాయి ముందు నిలబడి కదలనివ్వలేదు. ఐదు నిమిషాల్లో మూడుసార్లు బంతి లాక్కుంది. రెండుసార్లు తనే బుట్టలో వేసింది, మూడోసారి బంతిని ఇందాక నవ్విన అమ్మాయికి అందించి వేయించింది. నా పక్కన అంకుల్ కుర్చీ అంచుకి జరిగి, "అట్లా కొట్టు తల్లీ" అని తెలుగులోనే అంటున్నారు. నిర్వాహకురాలు విజిల్ ఊది ఆట ఆపింది. తగ్గమని, ఈ అమ్మాయిలంతా కోచ్‌ల కంట పడటానికి వచ్చారని కేలాతో అంది.

"నేనూ అందుకే వచ్చాను," అంది కేలా.

ఆమెను బయటకు పంపేశారు. ఆమె బెంచీ వైపు వెళ్లలేదు. గీత పక్కనే, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. రెండు నిమిషాలు గడిచాయి. పోర్చుగల్ కోచ్ చెయ్యెత్తి, ఆ చిన్నమ్మాయిని లోపలికి పంపమన్నాడు. అడ్డుకునేవాళ్లు లేకపోతే నేను చూడటానికి ఏముంది అన్నాడట. అలా చివరి విజిల్ దాకా కేలా ఆడింది.

నాలుగింటికి ఆ కోచ్ మా దగ్గరకి వచ్చాడు. మర్యాదస్తుడే. తమ క్లబ్బులో ఖాళీగా ఉన్న రెండు చోట్లకూ మనుషులు ఖాయమయ్యారని చెప్పాడు. పొడుగమ్మాయి వాళ్లలో ఒకరు. కేలాకి ఇష్టమైతే ఒక నెల వచ్చి వాళ్ల ప్రాక్టీసుల్లో ఆడవచ్చు, గది ఇస్తారు, కాంట్రాక్ట్ మాత్రం ఉండదు, తర్వాత సంగతి తర్వాత. సెప్టెంబర్ ఇంకెంతో దూరం లేదు. అంత దూరం వచ్చి చేతికందిన ఒక్క మాట అది.

కేలా జెర్సీ విప్పి, మడిచి, కుర్చీ మీద పెట్టింది. "ఆ పని ఇవాళ ఇక్కడ చేశాను. అదే పని చెయ్యడానికి సముద్రం దాటి రాను. కాంట్రాక్ట్ ఉన్నప్పుడు పిలవండి, మర్నాడే వస్తాను." ఆయన తన కాగితం తిప్పి, వెనకవైపు రాయమని కలం ఇచ్చాడు. ఆమె పెద్ద అక్షరాలతో పేరు, ఊరు, ఎత్తు రాసింది. ఎత్తు ఒక్క అంగుళం కూడా పెంచలేదు.

ఆ రాత్రికి అంకుల్ వాళ్లింట్లోనే ఉన్నాం. ఆంటీ గోంగూర పప్పు వండారు. ఆదివారం మధ్యాహ్నం దగ్గర్లోని ఫాలోఫీల్డ్ స్టేషన్‌లో రైలెక్కాం. టికెట్ ముందే కొన్నందుకు ఒక్కొక్కరికి అరవై డాలర్ల లోపే అయింది, టొరంటోకి నాలుగున్నర గంటలు. దారిలో కేలా వాళ్లమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పి, బీమా ఆఫీసుకి తన కోసం ఆగొద్దని చెప్పమంది. అవతల నుంచి అరుపులు నాకూ వినిపించాయి. ఇది రాసే నాటికి ఆమెకు కాంట్రాక్ట్ రాలేదు. రోజూ పొద్దున ఆరింటికి జిమ్‌కి వస్తోంది. వచ్చే నెల హాలిఫాక్స్‌లో ఇంకో క్యాంప్ ఉంది.

ఆ అమ్మాయి గెలిచిందా ఓడిందా అని మా నాన్న ఫోన్‌లో అడిగాడు. ఓడలేదు నాన్నా, ఒప్పుకోలేదు అన్నాను. ఈ దేశంలో మన స్టూడెంట్లకు కూడా అలాంటి మాటలు చాలా వినిపిస్తుంటాయి. ముందు వచ్చి ఊరికే పని చెయ్యి, అనుభవం వస్తుంది, తర్వాత చూద్దాం. నేను కూడా రెండు చోట్ల అలా చేశాను. ఆ 'తర్వాత' అనేది ఎప్పుడూ రాలేదు. వద్దనడానికి చేతిలో ఇంకేదో ఉండాలని అనుకునేదాన్ని. కేలా చేతిలో ఆ రోజు ఏమీ లేదు, మోకాలి మీద గీరుకుపోయిన చర్మం తప్ప. అయినా వద్దంది. అది పొగరని వాళ్లమ్మ అంటోంది. నాకు అలా అనిపించడం లేదు.

ఇలాంటి క్యాంప్‌కి వెళ్లాలనుకునే వాళ్లకు ఒక్క మాట. టికెట్ కొనే ముందు నిర్వాహకులకు ఈమెయిల్ పెట్టి ఒకే ప్రశ్న అడగండి: కోచ్‌ల చేతిలో ఉండే కాగితం మీద నా పేరు ఉంటుందా? హాలిఫాక్స్ వాళ్లకు కేలా ఇదే రాసింది. ఉంటుందని నిన్న జవాబొచ్చింది.